బోల్టు మీద పసుపు గీత

ఆ కార్ల ఫ్యాక్టరీలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన తాడు ఇంజనీరే. ఎదురుపడితే 'సార్', ఆయన అటు తిరగ్గానే 'తాడు'. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి కోప్పడకపోగా, లోలోపల మురిసిపోయేవాడు కూడాను.

తాడేమిటంటారా? జపాను కంపెనీ కార్లు తయారయ్యే ఆ షెడ్డులో బండ్లు ఒకదాని వెనక ఒకటి నత్తనడకన సాగిపోతూ ఉంటాయి. దాన్నే లైను అంటారు. ఆ లైను పొడవునా తలకు కాస్త ఎత్తులో ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పనిచేసేవాళ్ళలో ఎవరికి ఏ చిన్న అనుమానం వచ్చినా దాన్ని లాగొచ్చు. నేల తుడిచే ఆవిడైనా సరే లాగొచ్చు. లాగగానే పిల్లల ఆటబొమ్మలో వచ్చేలాంటి పాటొకటి మోగుతుంది. పాట అయిపోయేలోపు సంగతి తేలకపోతే లైను లైనంతా ఆగిపోతుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది, అసలు విశేషం అదే. తాడు లాగినవాడి దగ్గరికి పైవాడు పరుగెత్తుకుంటూ రావాలి. వచ్చి, ఏమైందని అడగబోయేముందు థాంక్స్ చెప్పాలి. ఆ తర్వాతే మిగతా మాటలు.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పడానికి జపాను నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వచ్చీరాగానే తాడు లాగమన్నాడు. "ఎందుకు సార్, అంతా బాగానే ఉందిగా" అంటే వినడే. లాగు, లాగు అని సైగ చేస్తాడు. కొత్త ఉద్యోగం, చుట్టూ అంతమంది, లైను ఆపితే కొంప మునుగుతుందని భయం. చెమటలు కక్కుతూ లాగాడు. పాట మోగింది, బండ్లు ఆగాయి, అందరూ తలలు తిప్పి చూశారు. ఆ పెద్దాయన ఆ చివర్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, నడుం వంచి, ఒగరుస్తూనే థాంక్స్ చెప్పాడు. తాడు ఇంజనీరు జీవితంలో అంతకుముందు ఎవరూ ఆయనకి నడుం వంచి ఏదీ చెప్పలేదు. ఆ రోజుతో ఆయనకి పిచ్చి పట్టింది, పిచ్చనే అనాలి.

అప్పట్నుంచీ కొత్తగా ఎవరు చేరినా ఆయన చేయించే మొదటి పని అదే, తాడు లాగించడం. లాగాక తనే పరుగెత్తుకెళ్ళి థాంక్స్ చెప్పడం. బయట ఎవరైనా "జపాను ఇనుము వేరండీ, అందుకే ఆ బండ్లు అన్నేళ్ళు నడుస్తాయి" అన్నారంటే చాలు, ఆయనకి ఒళ్ళు మండేది. "ఇనుముదేముందండీ, ఎవరిదైనా ఇనుమే. బోల్టులు మనం బిగించినట్టే వాళ్ళూ బిగిస్తారు. కాకపోతే అక్కడ ఆపినవాణ్ణి తిట్టరు. ఉన్న తేడా అంతా అదే" అని మొదలుపెట్టి వదిలేవాడు కాదు. పెళ్ళికెళ్ళినా అదే మాట, పరామర్శకెళ్ళినా అదే మాట. పాపం, వినేవాళ్ళు చెవులు మూసుకోలేక, వినలేక చచ్చేవాళ్ళు.

ఆయన సొంత బండి కూడా జపాను నుంచి వచ్చిందే. ఇద్దరు వాడి వదిలేస్తే మూడోవాడిగా కొన్నాడు. దాని పేరు ముసల్ది. ముసల్దానికి రంగు వెలిసిపోయింది, ఒక తలుపు బయటినుంచి తీస్తేనే వస్తుంది, అయినా తాళం తిప్పిన మరుక్షణం లేచి కూర్చుంటుంది. సెలవురోజు వచ్చిందంటే ఆయన దాని బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి, జ్వరం వచ్చిన పిల్ల గుండె చప్పుడు విన్నట్టు వింటూ నిలబడేవాడు.

ఆయన్ని ఆటపట్టించే హక్కు లోకంలో ఒకే ఒక్కడికి ఉండేది, ఆయన బావకి. అక్క మొగుడు, బళ్ళో లెక్కల మాస్టారు. తాడు ఇంజనీరు జపాను కబుర్లు ఎత్తుకోగానే మాస్టారు ఆ లైను పాటని ముక్కుతో పాడేవాడు. "ఇక ఆపవయ్యా బామ్మర్దీ, తాడు లాగేశాను" అనేవాడు. అక్క నవ్వాపుకోలేక లోపలికి పోయేది.

ఇక అక్క సంగతి. ఆమెకీ తమ్ముడికీ వయసులో తేడా ఎక్కువ. వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళింది ఆమే, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ ఆమే. అలాంటి మనిషికి జుట్టు నెరుస్తున్న వయసులో కారు నేర్చుకోవాలని కోరిక పుట్టింది. మాస్టారు నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. ముసల్దాన్ని ఖాళీ మైదానానికి తోలుకెళ్ళి, అక్కని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ముందుగా రెండు మాటలు చెప్పాడు.

"అక్కా, బండి ఎక్కగానే ఎన్ని ఫోన్లుంటే అన్నీ సైలెంట్‌లో పెట్టి డాష్‌బోర్డులో ఉన్న ఆ డబ్బాలో పడెయ్. బావది కూడా. ఆ మనిషి పక్కన కూర్చుని ఫోన్లో నవ్వితే నువ్వు అటు చూస్తావు."

"సరే. రెండోది?"

"ఏ కాస్త అనుమానం వచ్చినా పక్కకి తీసి ఆపెయ్. ఎవరేమన్నా సరే. వెనకవాడు హారన్ కొట్టినా సరే, బావ వెక్కిరించినా సరే."

"అనుమానం వట్టిదే అయితే?"

"అయితే మంచిదేగా. మళ్ళీ బయల్దేరు."

అక్క తు.చ. తప్పకుండా పాటించింది. తమ్ముడి మాటంటే ఆమెకి అంత గురి. ఆ తర్వాత మాస్టారుకి కొండల మీద ఊరికి బదిలీ అయింది. అక్కడికి బస్సులు అంతంతమాత్రం. సొంత బండి లేకపోతే కుదరదని తేలింది. ఏ బండన్న ప్రశ్నే లేదు కదా. తమ్ముడు తయారుచేసే బండే, ఎర్ర రంగుది.

ఆ బండి లైను మీదికి వచ్చిన రోజున తాడు ఇంజనీరు పురిటిగది బయట తిరిగే మొగుడిలా దాని వెంటే తిరిగాడు. తలుపులు బిగించేచోట నిలబడ్డాడు, సీట్లు వేసేచోట నిలబడ్డాడు. అలా తిరుగుతూ స్టీరింగ్ దగ్గరికి వచ్చాడు. డ్రైవరు కాళ్ళు పెట్టుకునేచోట, లోపలగా, స్టీరింగ్ కడ్డీని కింది కడ్డీతో కలిపే బోల్టు ఒకటి ఉంటుంది. వేలెడంత బోల్టు. అది వదులైతే స్టీరింగ్ చేతిలో తిరుగుతుంది, బండి మాత్రం తిరగదు. ఆ బోల్టు బిగించే పని బక్కన్నది. డాష్‌బోర్డు కింద దూరడానికి అలాంటి సన్నటి మనిషే కావాలి.

ఆ రోజు బోల్టులు బిగించే కరెంటు గన్ను మొరాయించింది. బోల్టు సరిగ్గా బిగిస్తే పచ్చదీపం వెలిగించి, లేకపోతే బండిని కదలనివ్వని గన్ను అది. బాగుచేయడానికి పట్టుకెళ్ళారు, ఈలోపు చేతి రెంచితో బిగించమన్నారు. చేతి రెంచికి దీపాలూ గీపాలూ ఉండవు. బిగించాక బోల్టు మీంచి పక్క ఇనుము మీదికి పెన్నుతో ఒక పసుపు గీత గీయాలి. ఆ గీతే సాక్ష్యం. గీత ఉందంటే బిగించినట్టు. గీత విరిగి రెండు ముక్కలు పక్కకి జరిగాయంటే బోల్టు తిరిగిందని అర్థం.

అక్క బండి బక్కన్న చోటు దాటి ముందుకెళ్ళింది. తాడు ఇంజనీరు తొంగి చూశాడు. నిండుగా, నిటారుగా పసుపు గీత కనిపించింది. ఆయన కడుపు నిండిపోయింది. అలాగే నిలబడి వెనక బండిలోకి, ఊరికే, అలవాటుగా చూశాడు. బక్కన్న బోల్టు చేత్తో తిప్పి పెట్టాడు, గీత గీశాడు, ఆ తర్వాత రెంచి కోసం చెయ్యి చాపాడు.

అదీ సంగతి. బిగించకముందే గీత గీసేస్తున్నాడు. ముందే గీసుకుంటే రెండుసార్లు వంగక్కర్లేదు కదా, నడుం నొప్పి తప్పుతుంది. బిగిస్తున్నాడు, బిగించకుండా లేడు. కానీ ఒక్క బండికి రెంచి మరిచిపోయాడనుకోండి, గీత మాత్రం పళ్ళికిలిస్తూ అక్కడే ఉంటుంది.

తాడు ఇంజనీరు చెయ్యి పైకి లేచింది. తాడు తగిలింది కూడా.

సరిగ్గా ఆ రోజే జపాను నుంచి కంపెనీ పెద్దలు వచ్చి మెట్ల పైన నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన ఫ్యాక్టరీని నడిపే పెద్దసారు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. పొద్దున్నించీ లైను ఒక్కసారి కూడా ఆగలేదని గోడమీద బోర్డు వెలుగుతోంది. ఈ పెద్దసారు వచ్చినప్పట్నుంచీ తాడు లాగడం మీద సన్నగా ఒక మాట తిరుగుతోంది: ఎక్కువ లాగే జట్టంటే పని రాని జట్టు అని. ఎవరూ నోరు తెరిచి అనలేదు, బోర్డు మాత్రం పెట్టారు. అది చాలదా?

ఆపితే మొదట ఆగేది అక్క బండి, చేతికొచ్చే రోజు వెనక్కి పోతుంది. పోనీలే, బిగిస్తూనే ఉన్నాడుగా అనుకున్నాడు. చెయ్యి కిందికి దించి, బక్కన్న దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పాడు. "ముందు బిగించు, తర్వాత గియ్యి. మళ్ళీ ఇలా చెయ్యకు."

"సరే సార్" అన్నాడు బక్కన్న.

ఇన్నేళ్ళు ఊరందరికీ తాడు గురించి చెప్పి చెప్పి ప్రాణాలు తోడిన మనిషి, లాగాల్సిన ఒక్కరోజు లాగలేదు. ఏమనాలి ఆయన్ని? తిట్టడానికి కూడా నోరు రాదు.

బండ్లు ఇచ్చే రోజు వచ్చింది. అక్కతోపాటు ఇంకొంతమంది వచ్చారు. వాళ్ళలో ఒక నర్సు, ఆమెకి అదే మొదటి బండి. తాడు ఇంజనీరు అందరినీ నిలబెట్టి ఫోను డబ్బా సంగతి చెప్పాడు. నర్సు శ్రద్ధగా విని, "ఆఫ్ చెయ్యాలా సార్, సైలెంట్ చాలా?" అని అడిగింది. "సైలెంట్ చాలమ్మా. డబ్బాలో మాత్రం పెట్టు" అన్నాడు. తర్వాత అక్కని వంగమని, టార్చి వేసి బోల్టు చూపించాడు. "చూడక్కా, ఈ గీత ఉందంటే దీని మీద మనిషి చెయ్యి పడ్డట్టు." అక్క వంగి చూసి, ఆ గీతకే దణ్ణం పెట్టేట్టు నిలబడింది.

వారం తిరిగిందో లేదో, ఒక పొద్దున యార్డులో, అమ్మకానికి వెళ్ళాల్సిన బండ్ల మధ్య తిరుగుతూ ఆయన ఒకదాని స్టీరింగ్ తిప్పి చూశాడు. ఏదో తేడాగా ఉంది. తిప్పిన చేతికీ కదిలిన చక్రానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ. లోపలికి వంగి టార్చి వేశాడు. పసుపు గీత ఉంది. వేలితో తాకితే బోల్టు తిరిగింది. గన్ను మొరాయించిన ఆ పూట తయారైన బండే అది.

ఆ పూట బండ్లలో చాలావరకు ఇంకా యార్డులోనే ఉన్నాయి. కొన్ని వెళ్ళిపోయాయి. వెళ్ళిపోయినవాటిలో ఎర్రది ఉంది. అక్కా బావా ఆ పొద్దున్నే సామాను వేసుకుని కొండ ఊరికి బయల్దేరారు. వీధిలో నిలబడి చెయ్యి ఊపింది కూడా ఆయనే.

పెద్దసారుకి ఫోను చేశాడు. "ఒక్క బండే కదయ్యా. కంగారుపడకు, రేపు మీటింగులో మాట్లాడదాం" అన్నాడు పెద్దసారు. ఆయనతో వాదించే ఓపిక లేక ఫోను పెట్టేసి అక్కకి చేశాడు. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. బావకి చేశాడు. అదీ అంతే. రెండు ఫోన్లూ డబ్బాలో ఉన్నాయని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. తనే పెట్టించాడు. తనే, మైదానంలో నిలబెట్టి మరీ.

పోలీసులకి చేశాడు.

"ప్రమాదం ఎక్కడ జరిగింది?" అన్నాడు అవతలి మనిషి.

"ఇంకా జరగలేదండీ."

"జరగకుండా మేమేం చెయ్యాలి?"

"కొండ మొదట్లో ఎర్ర కారు వస్తే ఆపండి. చాలు."

"ఎర్ర కార్లు చాలా వస్తాయి" అని ఫోను పెట్టేశాడు ఆ మహానుభావుడు.

తాడు ఇంజనీరు ముసల్దాంట్లో కూర్చున్నాడు. అలవాటు ఎంత పాడుదో చూడండి, అంత కంగారులోనూ ఫోనుని సైలెంట్‌లో పెట్టి డబ్బాలో పడేశాడు.

ఊరు దాటేదాకా లారీలు, సిగ్నళ్ళు. దాటాక తిన్నటి రోడ్డు. ముసల్దాన్ని ఏనాడూ అంత తొక్కలేదు. తలుపులు దడదడలాడుతున్నాయి. ఎదురుగా ఎర్ర రంగు ఏది కనబడినా ప్రాణం నోట్లోకి వస్తోంది. సిమెంటు బస్తాల మీద కప్పిన ఎర్ర పట్టా చూసి కూడా బ్రేకు తొక్కాడు. అక్క ఎప్పుడూ నిదానంగా నడుపుతుంది, అదొక్కటే ఆశ. తిన్నటి రోడ్డు మీద ఆ బోల్టు ఎలాగో నిలబడుతుంది. కొండ ఎక్కడం మొదలుపెట్టాకే, మలుపు మలుపుకీ అటూ ఇటూ తిప్పుతుంటే, కాస్త కాస్త వదులవుతుంది. ఎన్నో మలుపు దగ్గర పూర్తిగా జారుతుందో చెప్పగల ఇంజనీరు ఎవడూ లేడు. దాని గురించి ఆలోచించకూడదనుకుంటూనే ఆయన అదే ఆలోచించాడు. ఎడమవైపు మలుపా, కుడివైపు మలుపా? లోయ ఎటు ఉంటుంది? స్టీరింగ్ తిరిగిపోతుంటే అక్క ఏమనుకుంటుంది? తన తప్పే అనుకుంటుంది. నడపడం తనకే సరిగ్గా రాలేదనుకుంటుంది. అది తలుచుకోగానే ఆయనకి ఏడుపు తన్నుకొచ్చింది. ఒంటరిగా, బండిలో, గట్టిగా ఏడ్చాడు.

కొండ మొదలైంది. ముసల్ది వేడెక్కుతోంది, ముల్లు పైపైకి పాకుతోంది. "అమ్మా, తల్లీ, ఈ ఒక్కరోజు" అని దాని డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి నిమిరాడు. దీన్ని కొన్న రోజున మొదట వంగి చూసింది ఆ బోల్టే. ఏనాడో, సముద్రాల అవతల, మొహం తెలియని మనిషెవడో గీసిన గీత వెలిసిపోయి, అయినా నిటారుగా కనిపించింది. ఆ మనిషి ముందు బిగించాడు, తర్వాత గీశాడు. తను తాకి వదిలేసిన తాడుని, అవసరం వచ్చిన రోజున అతను లాగే ఉంటాడు. అందుకే ఈ ముసల్ది ఇంకా బతికుంది, అందుకే తనూ బతికున్నాడు. ఆయనకి సిగ్గుతో చెంపలు కాలిపోయాయి.

ఒక మలుపు. ఇంకో మలుపు. ఒకచోట రోడ్డు అంచున గోడ విరిగి ఉంది, కింద ఏదో మెరిసింది. బండి ఆపి దిగాడు. అంచు దాకా వెళ్ళి చూస్తే, ఎప్పటిదో తుప్పుపట్టిన రేకు. మళ్ళీ ఎక్కి తాళం తిప్పాడు, ముసల్ది లేచింది.

ఆ తర్వాతి మలుపు తిరగ్గానే ఎర్ర బండి కనిపించింది. కొండవైపుకి ఆనించి ఆపి ఉంది. చక్రాల వెనక రాళ్ళు పెట్టి ఉన్నాయి. మాస్టారు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అక్క రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతోంది, చేతిలో ఫోను.

తాడు ఇంజనీరు దిగేసరికి అక్క ఎదురొచ్చి మండిపడింది. "ఎన్నిసార్లు చెయ్యాలిరా నీకు ఫోను? ఎక్కడ చచ్చింది?"

"డబ్బాలో ఉందక్కా."

"స్టీరింగ్ తిప్పుతుంటే లోపల టక్కుమంది. ఒక్కసారే. మీ బావ రాయి తగిలుంటుంది పోనీ అన్నాడు. నాకేమో మనసు ఒప్పలేదు. నువ్వు చెప్పావుగా, అనుమానమొస్తే ఆపమని. ఆపేశాను. ఇప్పుడు నువ్వు కూడా నవ్వుతావేమో, నవ్వు."

ఆయన నవ్వలేదు. అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. నడుం వంచాడు. "థాంక్స్ అక్కా" అన్నాడు. మళ్ళీ అన్నాడు.

"అక్కకి థాంక్స్ ఏంట్రా, మతి పోయిందా?"

ఆయన బండిలోకి దూరి టార్చి వేశాడు. పసుపు గీత రెండు ముక్కలైంది. ఒక ముక్క ఇనుము మీదే ఉంది, రెండోది బోల్టుతోపాటు తిరిగి ఎటో చూస్తోంది. రెండు వేళ్ళతో పట్టుకుంటే బోల్టు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చాడు.

మాస్టారు ఆ బోల్టుని చూశాడు. రోడ్డు అవతల లోయని చూశాడు. లేచి వెళ్ళి చక్రాల వెనక రాళ్ళని కాలితో ఇంకాస్త లోపలికి తోశాడు.

"ఈ గీత ఉంటే మనిషి చెయ్యి పడ్డట్టన్నావు" అంది అక్క.

"పెన్ను పట్టిన చెయ్యి పడిందక్కా. రెంచి పట్టిన చెయ్యి పడలేదు. ముందే గీసేస్తున్నాడని ఆ రోజు నేను చూశాను. తాడు మీద చెయ్యి కూడా వేశాను. పెద్దవాళ్ళంతా పైన నిలబడి ఉన్నారు. నీ బండి ఆగిపోతుందనుకున్నాను. లాగలేదు."

కొడుతుందేమో, కొడితే బాగుండునని ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అక్క అడిగింది ఒకే మాట.

"మిగతా బండ్లో?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"నా ముందు నిలబడి ఏడుస్తావేంట్రా? మేం బతికే ఉన్నాం. లారీకో జీపుకో చెప్పి మా బండిని మేం దింపించుకుంటాం. నువ్వు పో. పరుగెత్తు."

బండ్లు కొన్నవాళ్ళ నంబర్లన్నీ ఫ్యాక్టరీలోనే ఉన్నాయి. ఆయన అక్కడికి తిరిగొచ్చేసరికి సాయంత్రం జట్టు పనిలో ఉంది. బండ్లు నెమ్మదిగా కదులుతున్నాయి, బోర్డు వెలుగుతోంది. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా స్టీరింగ్ చోటికి వెళ్ళి తాడు లాగాడు. పిల్లల పాట మొదలైంది. లాగి పట్టుకునే ఉన్నాడు. పాట అయిపోయింది, లైను ఆగింది.

పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు. "ఏ బండి? ఏమైంది?"

"ముందు థాంక్స్ చెప్పాలి సార్."

"ఏమిటయ్యా నీ పిచ్చి? ఏ బండో చెప్పు."

"ఇక్కడ లేదు సార్. రోడ్ల మీద ఉన్నాయి." జేబులోంచి బోల్టు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది మా అక్క బండిది. తాడు లాగాల్సిన రోజు లాగలేదు, ఇవాళ లాగాను. అమ్మిన ప్రతి బండి మనిషికీ ఫోను వెళ్ళేదాకా వదలను."

"రేపు మీటింగులో అన్నానుగా. తాడు వదులు."

ఆయన వదల్లేదు. లైను పొడవునా మనుషులు పని ఆపి చూస్తున్నారు. అప్పుడు బక్కన్న కదిలాడు. ఆ సాయంత్రం అతనికి డ్యూటీ ఉంది. జేబులోని పసుపు పెన్ను తీసి పెద్దసారు ముందున్న బల్ల మీద పెట్టాడు. "నేనే ముందు గీశాను సార్. నడుం పట్టేసింది, గీసేశాను" అన్నాడు. తర్వాత తాడు ఇంజనీరు వైపు తిరిగి "థాంక్స్ సార్" అని, తనూ ఒక చేత్తో తాడు పట్టుకున్నాడు. వాళ్ళ పక్కనున్నవాడు పట్టుకున్నాడు. ఆ పక్కవాడూ పట్టుకున్నాడు. పెద్దసారు ఇక దారి లేక నంబర్లు తెప్పించమన్నాడు.

ఆఫీసు గదిలో ఫోన్లు మొదలుపెట్టారు. అప్పటికి ఇంకా వెలుగుంది. బ్యాంకులో పనిచేసే ఆయన ఎత్తాడు, బండి ఇంట్లోనే ఉందన్నాడు. ముట్టుకోవద్దన్నారు. ఇంకొకావిడ ఎత్తింది, తిట్టింది, తిట్టినా ప్రాణానికి హాయిగా ఉంది. మరొకాయన బండి సర్వీసుకి ఇచ్చానన్నాడు. ఒక్కొక్కరు ఎత్తుతుంటే తాడు ఇంజనీరు ఒక్కొక్క ఊపిరి పీల్చుకున్నాడు.

చివరికి నర్సు నంబరు మిగిలింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఆసుపత్రికి చేస్తే, డ్యూటీ అయిపోయి కారులో ఇప్పుడే బయల్దేరిందన్నారు, అమ్మని చూడ్డానికి ఊరెళ్తోందట. ఏ దారిలో వెళ్తుందో వాళ్ళకి తెలియదు. ఇంకోసారి చేశారు. మోగుతూనే ఉంది.

"డబ్బాలో పెట్టుంటుంది సార్" అన్నాడు బక్కన్న, ధైర్యం చెబుతున్నట్టు. "మీరు చెప్పారు కదా. ఆ అమ్మాయి మీ మాట వినే రకం."

"అవును. డబ్బాలోనే ఉంటుంది" అన్నాడు తాడు ఇంజనీరు. రెండోమాట కూడా విని ఉంటే బాగుండు, అనుమానమొస్తే ఆపమన్నది. ఆ మాట అక్కకి చెప్పాడు. ఆ అమ్మాయికి చెప్పాడో లేదో ఎంత గింజుకున్నా గుర్తు రావడంలేదు.

ఫోను చెవికి ఆనించుకుని మళ్ళీ నంబరు నొక్కాడు.